గొంతు వాపు కన్నా ముందు ఉప్పును పరీక్షించాలి

ఒకప్పుడు బస్తర్ సంతల్లో ఆదివాసులు అడవిలో సేకరించిన సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకునేవారు. సముద్రానికి దూరంగా ఉన్న ఆ కొండల్లో ఉప్పుకు అంత విలువ. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో రేషన్ దుకాణాల్లోనే అయోడిన్ ఉప్పు అందుతోంది. అయితే అది వంటింటికి చేరేసరికి అందులో అయోడిన్ ఎంత మిగులుతోంది? గాయిటర్ గురించి మాట్లాడేటప్పుడు మనం ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

థైరాయిడ్ హార్మోన్ తయారీకి అయోడిన్ తప్పనిసరి. అది చాలకపోతే హార్మోన్ తగ్గుతుంది. దాన్ని పసిగట్టిన పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ కణం మీది గ్రాహకానికి అతుక్కోగానే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది. దాంతో ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము చురుకై, మరింత అయోడిన్ పట్టుకోమని, సంఖ్య పెంచుకోమని కణాలకు సంకేతాలు వెళ్తాయి. ఐజీఎఫ్-1 వంటి వృద్ధి కారకాలు దీనికి తోడవుతాయి. గ్రంథి ఉబ్బుతుంది.

మొదట్లో అయోడిన్ అందిస్తే ఈ వాపు తగ్గే అవకాశం ఉంది. ఏళ్ల తరబడి సాగితే గ్రంథిలో గడ్డలు కడతాయి. కొన్ని కణాల్లో గ్రాహకం జన్యువు మారిపోయి, టీఎస్‌హెచ్ లేకున్నా సంకేతం ఆగకుండా నడుస్తుంది. అలాంటి గడ్డలున్న వారికి ఆలస్యంగా అయోడిన్ అందితే హార్మోన్ మితిమీరే ప్రమాదం కూడా ఉంది.

అందుకే గొంతు వాచినవారిని లెక్కించి ఊరుకోవడం చాలదని నా అభిప్రాయం. వాపు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. గర్భిణిలో అయోడిన్ కొరత ఉంటే, వాపు లేకున్నా, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

పరిష్కారం మనకు కొత్తది కాదు. 1956లో కాంగ్రా లోయలో వి. రామలింగస్వామి బృందం మొదలుపెట్టిన అధ్యయనం అయోడిన్ ఉప్పు గాయిటర్‌ను తగ్గిస్తుందని నిరూపించింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. వినియోగదారుడికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం. కానీ మూత లేని బస్తాల్లో, తేమలో, కల్లుప్పును కడిగే అలవాటులో ఆ అయోడిన్ తరిగిపోతుంది.

ఆశా కార్యకర్తల కిట్‌లోని ఒక్క చుక్క ద్రావణంతో ఉప్పు నీలమవుతుందో లేదో తెలుస్తుంది. ఆ పరీక్ష రహదారి పక్క ఊళ్లతో ఆగకుండా అడవి లోపలి సంతలకూ, చివరి గుడిసెలకూ చేరాలి. ఫలితాన్ని ఆ ఇంటివారికి వారి మాటలోనే చెప్పాలి. పుట్టిన బిడ్డలకు టీఎస్‌హెచ్ పరీక్ష కూడా జరగాలి. ఉప్పును మూత ఉన్న డబ్బాలో పెట్టి, వంట చివర్లో వేయడం మనమందరం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.