ముందు సున్నా గీద్దాం, టేబుల్ తర్వాత

సైన్ 30 ఎంత అని అడిగితే మనలో ఎవరైనా నిద్రలో కూడా "వన్ బై టూ" అనేస్తారు. అదే సైన్ 150 అంటే రెండు సెకన్లు ఆగుతాం. "180 మైనస్ 30... సెకండ్ క్వాడ్రంట్... ఆల్ సిల్వర్ టీ కప్స్... సైన్ పాజిటివ్... వన్ బై టూ" అని లోపల ఒక మంత్రం చదువుకుని జవాబు చెప్తాం. జవాబు కరెక్టే. కానీ అక్కడ సైన్ ఎందుకు పాజిటివ్ అని ఎవరైనా అడిగితే మళ్ళీ ఆ టీ కప్పులే చూపిస్తాం. ఇంజనీరింగ్‌కి వచ్చాక కూడా.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. త్రికోణమితిని మనం తలకిందులుగా నేర్చుకున్నాం. ముందు టేబుల్, తర్వాత ఫార్ములాలు, ఆఖర్లో ఎప్పుడో ఒక వృత్తం బొమ్మ. వృత్తమే ముందు రావాలి.

టెన్త్‌లో సైన్ అంటే ఆపోజిట్ బై హైపోటెన్యూస్. ఆ తర్వాత 0, 1, 2, 3, 4 వరసగా రాసి, నాలుగుతో భాగించి, రూట్ వేస్తే టేబుల్ రెడీ. ట్రిక్ బాగుంది, ఎవరూ కాదనరు. గొడవ ఇంటర్‌లో మొదలవుతుంది. కాస్ 120 కనుక్కోమంటారు. లంబకోణ త్రిభుజంలో 120 డిగ్రీల కోణం ఎక్కడ పెడతాం? మూడు కోణాలు కలిపితేనే 180, అందులో 90 ఆల్రెడీ అయిపోయింది. అంటే మనం నేర్చుకున్న డెఫినిషన్ అక్కడ పనిచేయదు. ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. బోర్డు మీద ఒకసారి వృత్తం గీసినా, వెంటనే చెరిపేసి 90 ప్లస్ థీటా, 180 మైనస్ థీటా, 270 ప్లస్ థీటా అని లిస్టు రాయిస్తారు. అప్పటిదాకా లెక్కలు అర్థమవుతున్నాయి అనుకున్నవాళ్ళు చాలామంది "నాకు మ్యాథ్స్ రాదు" అనుకోవడం మొదలయ్యేది ఇక్కడే. నాకు బాధ కలిగించేది ఈ విషయమే. వాళ్ళకి రాకపోవడం కాదు, వాళ్ళకి చూపించలేదు.

చూపించాల్సింది చాలా చిన్నది. ఒక యూనిట్ వ్యాసార్థంతో వృత్తం గీయండి, సెంటర్ ఆరిజిన్ దగ్గర. కుడివైపు చివర, (1, 0) దగ్గర నిలబడండి. అక్కణ్ణుంచి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా, అంటే గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే దిక్కుకి రివర్సులో, వృత్తం మీద నడవండి. థీటా డిగ్రీలు తిరిగి ఆగిపోయారు. ఇప్పుడు మీరు నిలబడ్డ చోటు ఎక్స్ విలువే కాస్ థీటా, వై విలువే సైన్ థీటా. అంతే.

ఇక మంత్రాలు అక్కర్లేదు. 150 దగ్గర ఆగితే, 30 దగ్గర ఉన్న ఫ్రెండ్‌కి అద్దంలో ప్రతిబింబంలా ఉంటారు. ఎత్తు అదే, పక్క మారింది. అందుకే సైన్ 150 వన్ బై టూ, కాస్ 150 మైనస్ రూట్ త్రీ బై టూ. 210 అంటే 30కి సరిగ్గా ఎదురు చివర, రెండూ మైనస్. 270 అంటే అట్టడుగున, (0, -1). సైన్ 750 చూసి భయపడక్కర్లేదు, రెండు రౌండ్లు కొట్టి మళ్ళీ 30 దగ్గరికే వచ్చారు. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఒకటి ఎందుకు? మీరు సెంటర్ నుంచి ఎప్పుడూ ఒక యూనిట్ దూరంలోనే ఉన్నారు కాబట్టి. టాన్ అంటే సెంటర్ నుంచి మీ దాకా గీసిన గీత స్లోప్. 90 దగ్గర ఆ గీత నిట్టనిలువుగా ఉంటుంది, దానికి స్లోప్ లేదు. "నాట్ డిఫైన్డ్" అని బట్టీ పట్టింది అదే.

గుర్తుపెట్టుకోవాల్సినవి మొదటి పావు వృత్తంలో మూడే మూడు అంకెలు: వన్ బై టూ, వన్ బై రూట్ టూ, రూట్ త్రీ బై టూ. అవీ మర్చిపోతే, సమబాహు త్రిభుజాన్ని మధ్యకి కోస్తే 30, 60 వస్తాయి. చతురస్రాన్ని కర్ణం మీద కోస్తే 45 వస్తుంది. మిగతా వృత్తమంతా అద్దాలే.

ఇందులో మన భాషకి సంబంధించిన ముక్క ఒకటి ఉంది. నాలాగా ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్ళు కార్డ్, ఆర్క్ అంటాం. తెలుగు మీడియం ఫ్రెండ్స్‌ని అడగండి, జ్యా, చాపం అంటారు. చాపం అంటే విల్లు, జ్యా అంటే దానికి కట్టిన నారి. వృత్తం మీద రెండు చుక్కలు పెట్టి కలపండి, నిజంగానే విల్లు కనిపిస్తుంది. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో మన సైన్‌ని అర్ధజ్యా, క్లుప్తంగా జ్యా అన్నాడు. అర్ధజ్యా అంటే సగం నారి. మన వృత్తంలో పైన 30 దగ్గర ఒక చుక్క, కింద మైనస్ 30 దగ్గర ఒక చుక్క పెట్టి కలిపితే అదే జ్యా. దాంట్లో పై సగమే సైన్. ఆ మాటకి మరో రూపం "జీవా" అరబిక్‌లోకి "జీబా"గా వెళ్ళింది. ఆ లిపిలో అచ్చులు చాలావరకు రాయరు కాబట్టి తర్వాతివాళ్ళు "జైబ్" అని చదివారు. ఆ మాటకి బట్ట మడత, ఒడి అని అర్థాలున్నాయి. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్ళు ఆ అర్థాన్నే పట్టుకుని "సైనస్" అన్నారు, అదే మన సైన్. అంటే వృత్తాన్ని కళ్ళకి కట్టే మాట పోయి, ఏ బొమ్మా చూపించని మాట మిగిలింది. తమాషా ఏంటంటే, తెలుగు మీడియం పుస్తకంలో కూడా జ్యా ఒక చాప్టర్‌లో, సైన్ ఇంకో చాప్టర్‌లో ఉండిపోతాయి. రెండూ చుట్టాలని ఎవరూ చెప్పరు.

"బట్టీ పట్టడం తప్పా?" అంటారేమో. కాదు. ఆర్యభటుడు కూడా 24 జ్యా విలువలకి కావాల్సిన తేడాలన్నీ అక్షరాల కోడ్‌లో ఒకే పద్యంలో కుదించాడు, నోటికి రావడానికే. కానీ వాటిని వృత్తంలోంచి ఎలా రాబట్టాలో కూడా గణితపాదంలో చెప్పాడు. మనం పద్యం ఉంచుకుని దారి వదిలేశాం.

ఎంసెట్ వాదన కూడా నాకు తెలుసు. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, వృత్తాలు గీస్తూ కూర్చుంటే ర్యాంక్ పోతుంది. నిజమే, ఎగ్జామ్ హాల్లో టేబులే ఫాస్ట్. నేను అడిగేది టేబుల్ తీసేయమని కాదు, వరస మార్చమని. వృత్తం తెలిసినవాడికి టేబుల్ షార్ట్‌కట్. తెలియనివాడికి అది పాస్‌వర్డ్. ఒక్క అక్షరం మర్చిపోతే లాగిన్ అవ్వదు.

పైగా ఎంసెట్ అయ్యాక కథ అయిపోలేదు, మన బ్రాంచ్‌లోనే మళ్ళీ ఎదురవుతుంది. సీ ల్యాబ్‌లో సైన్ ఫంక్షన్‌కి 30 ఇచ్చి చూడండి. 0.5 రాదు, దాదాపు మైనస్ 0.988 వస్తుంది. కంపైలర్ తప్పేం లేదు. దానికి డిగ్రీలు తెలీదు, వృత్తం అంచు మీద ఎంత దూరం నడిచారో అదే కావాలి. ఆ దూరమే రేడియన్. 30 యూనిట్లు నడిస్తే నాలుగు రౌండ్లు పూర్తయి, ఐదో రౌండ్‌లో దాదాపు అడుగుకి చేరతారు, అందుకే మైనస్ ఒకటికి అంత దగ్గర. అలాగే గేమ్‌లో శత్రువు ఏ దిక్కున ఉన్నాడో కనుక్కోడానికి వై బై ఎక్స్ ఒక్కటే చాలదు, ఎందుకంటే 45కీ 225కీ టాన్ ఒకటే. ఎటు తిరగాలో తెలియాలంటే ఎక్స్, వై రెండూ విడివిడిగా కావాలి. ఏటాన్2 అనే ఫంక్షన్ ఉన్నది అందుకే. టీ కప్పులతో ఇవేవీ అర్థం కావు, వృత్తంతో అవుతాయి.

సిలబస్ మార్చడం మన చేతిలో లేదు. కానీ మన ఇళ్ళల్లో టెన్త్, ఇంటర్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు, సెలవులకి వెళ్ళగానే లెక్కల పుస్తకం పట్టుకుని వస్తారు. ఈసారి టేబుల్ అప్పజెప్పించుకోకండి. ఒక గాజు పెట్టి కాగితం మీద సున్నా గీయించండి. దాని వ్యాసార్థమంత దారం ముక్క కత్తిరించి, గాజు అంచు చుట్టూ ఎన్నిసార్లు పడుతుందో కొలవమనండి. ఆరు సార్లు పట్టి ఇంకొంచెం మిగులుతుంది. ఆ ఆరుంపావు చిల్లరే టూ పై. అప్పుడు 150 దగ్గర వేలు పెట్టించి, సైన్ ఎంతో మీరు చెప్పకుండా వాళ్ళనే చూసి చెప్పమనండి.