ఆ రక్తపరీక్షకి సిగ్గెందుకు?

మా తుళ్లూరులో పక్కింటావిడ కోడలికి మూడో నెల. మొన్న ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్షల చీటీ తెచ్చుకుంది. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్... వరుసగా నాచేత చదివించుకుంటున్న అత్తగారు 'వీడీఆర్ఎల్' దగ్గర ఆపి, "ఇదేందమ్మా, దేనికిది?" అనడిగారు.

"సిఫిలిస్ ఉందేమో చూస్తారు పిన్నీ. పెద్దవాళ్లు సవాయి అనేవాళ్లే, అదే" అన్నాను.

అంతే! ఆవిడ మొహం మాడిపోయింది. "మా ఇంట్లో అట్లాంటి రోగాలెక్కడివి? మా పిల్లకి అదేం అక్కర్లా" అంటూ చీటీ మడిచేశారు. కోడలు తనేదో తప్పు చేసినట్టు తలొంచుకుంది.

ఆవిడొక్కరే కాదు, మనలో చాలామందిమి అంతే. ఆ పేరు వింటేనే చెవులు మూసుకుంటాం. కానీ ఆ చీటీ కడుపులో బిడ్డ కోసం రాసింది.

ఈ జబ్బు మొదట నొప్పి లేని చిన్న పుండుగా వస్తుంది. మందు వెయ్యకపోయినా మానిపోతుంది. తర్వాత ఒంటిమీద దద్దుర్లు వచ్చినా అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఒంట్లో దాక్కునుంటుంది. అందుకే "నాకేం లేదు" అని పైకి చూసి చెప్పలేం. గర్భిణికి ఉంటే మాత్రం ఆ క్రిమి మాయలోంచి బిడ్డకి చేరుతుంది. కొందరికి గర్భం పోతుంది. కొందరికి బిడ్డ కడుపులోనే చనిపోతుంది. కొందరికి నెలలు నిండకుండానే కాన్పవుతుంది.

బతికి పుట్టిన బిడ్డకి అరిచేతులు, అరికాళ్ల చర్మం పొక్కి ఊడొచ్చు. ముక్కు ఆగకుండా కారుతుంది, ఒక్కోసారి నెత్తురు జీరతో. కాలేయం వాచడం, కామెర్లు, రక్తం తగ్గిపోవడం ఉంటాయి. ఎముకల నొప్పికి చెయ్యో కాలో కదపకుండా ఏడుస్తుంది. మనం దిష్టి అంటాం, బాలారిష్టం అంటాం! చాలామంది పిల్లలు పుట్టినప్పుడు బాగానే కనపడి, వారాల తర్వాతో నెలల తర్వాతో జబ్బు పడతారు. వైద్యం అందకపోతే పెద్దయ్యాక ముందుపళ్లు నొక్కులు పడటం, చూపు మందగించడం, చెవుడు రావడం కూడా ఉన్నాయి.

ఇది ఎక్కడో ఏ కాలంలోదో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో సుమారు 7 లక్షల గర్భాల్లో ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకి సోకింది. వాటిలో లక్షన్నర మంది బిడ్డలు ఊపిరి లేకుండానే పుట్టారు. అన్నీ ఉన్న అమెరికాలోనే ఆ ఏడాది 3,700 మందికి పైగా పసివాళ్లకి సోకింది. వేళకి పరీక్ష, వైద్యం అంది ఉంటే వాళ్లలో పదికి తొమ్మిది మందికి దాదాపు తప్పేదట! చిన్న దేశం క్యూబా మాత్రం తల్లి నుంచి బిడ్డకి సోకకుండా దీన్ని అరికట్టిన మొదటి దేశంగా 2015లోనే గుర్తింపు పొందింది.

మందేమైనా కొత్తదా? 1943 నుంచీ ఈ జబ్బుకి వాడుతున్న పెన్సిలినే. జబ్బు దశని బట్టి ఒకటి నుంచి మూడు ఇంజెక్షన్లు. కాన్పుకి కనీసం నెల ముందే పడాలి. అందుకే పరీక్ష మొదటి నెలల్లోనే చేయించుకోవాలి.

ఇంకో మాట. పరీక్షలో ఉందని వస్తే వేలు ముందు కోడలి వైపే చూపిస్తాం. ఇది కొత్త అలవాటు కాదు. 1868లో తెల్లదొరలు తెచ్చిన అంటురోగాల చట్టం వేశ్యావృత్తిలో ఉన్న ఆడవాళ్లనే బలవంతంగా పరీక్ష చేయించింది. వాళ్ల దగ్గరికెళ్లిన మగాళ్లనడిగిన వాళ్లు లేరు! నిజానికి చాలామంది ఇల్లాళ్లకి ఇది కట్టుకున్నవాడి నుంచే వస్తుంది. ఆయనకీ పరీక్ష, వైద్యం జరక్కపోతే ఆమెకి మళ్లీ అంటుకుంటుంది. అట్లాగని ఒక్క కాగితం చూసి కాపురంలో నిప్పులు పోసుకోనక్కర్లేదు. వేరే కారణాలవల్ల కూడా వీడీఆర్ఎల్ 'ఉంద'ని చూపించొచ్చు. నిర్ధారణకి ఇంకో పరీక్ష ఉంది. జబ్బు ఎప్పుడు సోకిందో కూడా ఆ కాగితం చెప్పదు.

మన చేలల్లో మిరపకాయలు కొయ్యడానికి కర్నూలు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లూ ఉంటారు. పరీక్షల కార్డు సొంతూళ్లోనే ఉండిపోతుంది. వాళ్ల గురించి ఆశా కార్యకర్తకి ఒక్క మాట చెప్పడం మనకి కష్టమా? ప్రభుత్వాస్పత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు 2016 నుంచీ ఉంది.

మర్నాడు పిన్నిగారితో మెల్లగా అన్నాను: "లేదని తేలితే మనకి పోయేదేముంది? ఉందని తేలితే మనవడో మనవరాలో దక్కుతారు." ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చీటీ తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "అబ్బాయిని కూడా తీసుకెళ్లు" అన్నారు.

మనిళ్లల్లో ప్రతి అత్తగారూ ఆ మాట అనాలని నా కోరిక.