మగ్గిన పళ్లు పారేయకండి

మఫిన్లు బేకరీ సొత్తు, మనకెందుకంటారు మా చుట్టాలు. నేను ఒప్పుకోను. తొక్క నల్లబడ్డ ఏలక్కి అరటిపళ్లు ఐదు, కప్పు గోధుమపిండి, అరకప్పు బెల్లం తురుము, పావుకప్పు నూనె, అంతే పెరుగు, అర టీస్పూను వంటసోడా. పెరుగు పులుపు తగిలితేనే సోడా పొంగేది. పిండి ఎక్కువ కలిపితే గట్టిపడతాయి (మా మొదటి వాయి రాళ్లే!). ఓవెన్‌లో 180 డిగ్రీల మీద 20 నిమిషాలు.

అవ్వ వీటిని ఓవెన్ పొంగణాలంటుంది. పళ్లు చిదుపుతూ మా పాప “హణ్ణు మెత్తగైంది” అంటే, “మగ్గింది అనమ్మా” అని దిద్దుతుంది. కన్నడ మీడియంలో చదివిన నాకూ ఆ మాట అవ్వ వంటింట్లోనే దొరికింది. బడి నుంచి రాగానే బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెడితే ఈ మాటలెప్పుడు వస్తాయి?

నిన్న పాప పళ్లు నొక్కి చూసి, “ఇంకా మగ్గలేదు నాన్నా” అంది.