విందు వెనుక విదేశాంగ పాఠం

- ఆర్భాటమే కనిపిస్తోంది.. అర్థం బోధపడటం లేదు
- బడిలో చెప్పేందుకు చేరువలోనే ఉదాహరణలు

గద్వాల: విదేశాధినేత దేశానికి విచ్చేస్తే టీవీల్లో కనిపించేవి కరచాలనాలు, కార్ల బారులు, విందు వంటకాలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల విద్యార్థులూ వాటిని ఆసక్తిగా తిలకిస్తారు. సాంఘికశాస్త్ర పాఠం మాత్రం రాష్ట్రపతి అధికారాల జాబితా వద్దే ఆగిపోతే మార్కులు దక్కుతాయి గానీ, ఆ సందడి వెనుక పరమార్థం బోధపడదు.

ఆతిథ్యం ఒకరిది.. చర్చలు మరొకరివి

అమెరికాలో దేశాధినేత, ప్రభుత్వాధినేత ఒక్కరే. మన దేశంలో ఆ రెండు పదవులు వేర్వేరు. అందువల్లే అక్కడి అధ్యక్షుడికి రాష్ట్రపతి విందు ఇస్తారు, ప్రధాని చర్చలు జరుపుతారు. 2006 మార్చి 2న బుష్‌కు అబ్దుల్ కలాం రాష్ట్రపతి భవన్‌లో విందు ఇచ్చారు. మన్మోహన్‌సింగ్‌తో అణు ఒప్పందంపై చర్చలు సాగింది హైదరాబాద్ హౌస్‌లో. అది ఏడో నిజాం ఢిల్లీలో కట్టించుకున్న భవనం. గద్వాల, వనపర్తి సంస్థానాలు ఆ నిజాం ఏలుబడిలోనివే. రాజ్యాంగంలోని పార్లమెంటరీ విధానాన్ని వివరించేందుకు ఇంతకన్నా తేలికైన దారి లేదు.

విందు మాటకూ విలువ

విందు ప్రసంగాలు మర్యాద మాటలేనన్న భావన సరికాదు. 2000 మార్చిలో క్లింటన్ పర్యటనకు ముందు భారత ఉపఖండం ప్రపంచంలోనే ప్రమాదకర ప్రాంతమన్న వ్యాఖ్య అమెరికా వైపు నుంచి వినిపించింది. అతిథి ఎదుటే, విందు ప్రసంగంలోనే నాటి రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ అటువంటి భయపెట్టే వర్ణనలను తప్పుపట్టారు. ఆతిథ్యం వేరు, అభిప్రాయం వేరు అని చాటిన సందర్భమది.

మనకు ఒరిగిందేమిటి?

2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతులను కలిశారు. వామపక్షాలు ఆ పర్యటనను వ్యతిరేకిస్తూ నిరసనలు చేపట్టాయి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఏర్పాటు ప్రకటన ఆ పర్యటనలోనే వెలువడింది. 2008లో అది ప్రారంభమైంది. అంతకుముందు పాలమూరు విద్యార్థి అమెరికా వీసా కోసం చెన్నై వెళ్లవలసి వచ్చేది. ఢిల్లీలో జరిగే పర్యటన పల్లె ఇంటి ఖర్చును ఎలా మారుస్తుందో చెప్పేందుకు ఇదే తార్కాణం.

2020 ఫిబ్రవరి 25న ట్రంప్‌కు రామ్‌నాథ్ కోవింద్ ఇచ్చిన విందుకు నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ హాజరయ్యారు. మెలానియా, ఇవాంకాలకు కానుకగా పోచంపల్లి, గద్వాల చీరలు సిద్ధం చేసినట్లు అప్పట్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు జోడించే గద్వాల నేతకు అది గౌరవమే. ఆ గౌరవం మగ్గం గుంతలో కూర్చున్న నేతన్న కూలిని పెంచిందా? విద్యార్థి అడగవలసిన అసలు ప్రశ్న ఇదే.

ఒక్క పీరియడ్ చాలు

ఇందుకు కొత్త పుస్తకాలు అక్కరలేదు. పర్యటన జరిగిన మరునాటి దినపత్రిక తరగతికి తెచ్చి నాలుగు ప్రశ్నలు వేయిస్తే చాలు. ఆహ్వానించింది ఎవరు? ఖర్చు ఎవరిది? సంతకాలు దేనిపై జరిగాయి? ఫలితం ఎవరికి దక్కింది? చేనేత కుటుంబాల పిల్లలు చదివే బడిలో నాలుగో ప్రశ్నకు సమాధానం ఇంటి నుంచే వస్తుంది. ఓటు హక్కు వచ్చేనాటికి ఈ ప్రశ్నలు అలవాటైతే, విందు వెలుగుల మాటున మరుగునపడే ఒప్పందాలను వారు విస్మరించరు.