ఎర్రసిరా సున్నలు

మా ఇంట్లో గోడమీద ఒక క్యాలెండరు ఉంది. తిథులూ, వర్జ్యాలూ అందరి క్యాలెండర్లలో ఉన్నట్టే అందులోనూ ఉన్నాయి. మా దాంట్లో ఇరవయ్యొక్క రోజులకొకసారి ఎర్రసిరాతో చుట్టిన సున్న కూడా ఉంటుంది. ఆనాడు మా అమ్మాయికి రక్తం ఎక్కించాలి. పదేళ్లుగా మా పండుగలూ, పెళ్లిళ్లూ ఆ సున్నలను చూసుకునే జరుగుతున్నాయి.

ఎనిమిదో నెలలో పిల్ల ముఖం పాలిపోయింది. దిష్టి తగిలిందన్నారు కొందరు, పాలు పడలేదన్నారు కొందరు. చివరికి హైదరాబాదులో పరీక్ష చేసి తలసీమియా అన్నారు. శరీరం హిమోగ్లోబిన్‌ను సరిగా తయారుచేసుకోలేదు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి పరుల రక్తం కావాలి. ఆ రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకోకుండా మందు కూడా వాడాలి.

మాది మేనరికం. నా భార్య మా మేనమామ కూతురే. అయినా కరీంనగరులో మా అమ్మ నిష్ఠూరమంతా కోడలిమీదికే పోయింది. "మా దిక్కు ఇసొంటి రోగం ఎవ్వలకు లేకుండె" అనేది. నా భార్య వింటూనే బిడ్డకు మందు కలిపేది. నేనో? క్లాసులో గంటసేపు కరుణరసం గురించి చెప్పగలవాణ్ణి, ఇంట్లో ఒక్క మాట అనలేకపోయాను. ఆదిలాబాదులో ఉద్యోగముంది గదా అని సోమవారం బస్సెక్కేవాణ్ణి. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

డాక్టరుగారు దగ్గరి బంధువులను కూడా పరీక్ష చేయించుకోమన్నారు. రోగం లేకుండానే దాని బీజాన్ని మోసేవాళ్లుంటారు. తలిదండ్రులిద్దరూ అటువంటివారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ఒక్కరివల్ల రాదు. కాగితాలు వచ్చాయి. నాకూ ఉంది, నా భార్యకూ ఉంది. మామయ్యకూ ఉంది, మా అమ్మకూ ఉంది.

చదివి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు కోడలి పక్కన కూర్చుని, "ఇన్నొద్దులు నిన్నన్న మాటలన్నీ నన్ను నేనే అనుకున్నట్టాయె గదనే" అన్నది. మరునాటినుంచి సున్నలు చుట్టే పని ఆమెదైంది.

ఎండకాలం మాకు గండం. కాలేజీలకు సెలవులు, రక్తమిచ్చే పిల్లలు ఊళ్లకు పోతారు. ఒక మే నెలలో నాలుగు రోజులు ఆలస్యమైంది. అమ్మాయి మెట్లెక్కలేక సగంలోనే కూర్చుండిపోయింది. ఆ ఏడు కాలేజీ తెరవగానే, మొదటిసారి క్లాసులో మా ఇంటి సంగతి చెప్పాను. సాయంత్రానికి తొమ్మిదిమంది పేర్లిచ్చారు. ఉట్నూరు వైపునుంచి వచ్చిన గోండు విద్యార్థి ఒకడు మాత్రం ఆగి, "మా తమ్మునికి సికిల్ సెల్ సార్" అన్నాడు. నెత్తురుకణాలు కొడవలిలా వంగి, ఎముకల్లో భరించలేని నొప్పులు తెచ్చే వ్యాధి అది. అదీ తలిదండ్రులిద్దరినుంచీ వచ్చేదే. ఆ ఇంట్లోనూ నింద తల్లిమీదే పడిందట! కాగితంమీద బొమ్మగీసి లెక్క చెప్పాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హైదరాబాదులో 1998లో వెలసిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఈ రెండు వ్యాధుల పిల్లలకూ ఆసరా అయింది. 2016 చట్టం రెండింటినీ వైకల్యాలుగా గుర్తించింది. 2023లో కేంద్రం మొదలుపెట్టిన పథకం, గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు 7 కోట్లమందికి సికిల్ సెల్ పరీక్ష చేయాలని సంకల్పించింది.

మొన్న మా మేనల్లుడికి సంబంధం వచ్చింది. జాతకాలు తీస్తుంటే అమ్మ అడ్డుపడ్డది. "జాతకం అయ్యగారు చూస్తడు తియ్యిండ్రి. ముందుగాల ఇద్దరి రక్తం చూపియ్యుండ్రి" అన్నది. పిల్లవాడికి బీజం ఉంది, పిల్లకు లేదు. పెళ్లి నిశ్చయమైంది.

ఈసారి సున్న సద్దుల బతుకమ్మ మరునాడు పడింది. రక్తం ఎక్కే ముందు మా అమ్మాయికి నీరసం. ఆటలో నాలుగు చుట్లు తిరగలేదు. డాక్టరుగారిని అడిగి, అమ్మ ఆ సున్నను కొట్టేసి మూడు రోజుల ముందుకు జరిపింది. తంగేడు పువ్వుకు ఎవరు పోవాలన్నదే ఇప్పుడు ఇంట్లో తగువు.