ఎంఓయూలో పడకల లెక్క ఉంది, పేషెంటు ఎక్కడ?

మధ్యాహ్నం రెండు గంటల వేళ ఏదైనా పెద్ద సర్కారు దవాఖానలో డిశ్చార్జ్ చేసే చోట కాసేపు నిలబడి చూడండి. కూలికి పోయే ఒక తల్లి, ఆమె కోసం ఆ రోజు కూలి వదులుకుని వచ్చిన కొడుకు. చేతిలో ఇంగ్లిషులో రాసిన డిశ్చార్జ్ కాగితం, కవర్లో మూడు రకాల మాత్రలు. "పదిహేను రోజులకు రివ్యూకి రండి" అన్న మాట ఒక్కటే వాళ్లకు అర్థమైంది. కాలి పుండుకు కట్టు ఎవరు మార్చాలి, షుగర్ ఎక్కడ చూపించుకోవాలి, ఇన్సులిన్ అయిపోతే ఊళ్లో దొరుకుతుందా, రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవేవీ ఆ కాగితంలో లేవు. ఊళ్లో పల్లె దవాఖానలో కూర్చున్న నర్సుకు ఈమె ఆస్పత్రిలో చేరిన సంగతే తెలియదు. నెల తిరిగేసరికి కాలు తీసేయాల్సిన స్థితిలో ఆమె మళ్లీ అదే వార్డుకు వస్తే, పేషెంటు నిర్లక్ష్యం అనేస్తారు.

ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తెగిపోయే ఈ దారాన్ని పట్టుకుని ఉండే పనినే కేర్ కోఆర్డినేషన్ అంటున్నారు. చదువుకున్న కుటుంబానికి ఈ పని చేసిపెట్టే బంధువు ఒకరుంటారు. డాక్టర్ తమ్ముడో, ఫార్మసీలో పనిచేసే మేనల్లుడో ఒక్క ఫోన్‌తో దారి చూపిస్తాడు. మాల మాదిగ వాడలో చాలా ఇళ్లకు అలాంటి ఫోన్ నంబరు లేదు. వాళ్ల విషయంలో ఆ పని వ్యవస్థే చేయాలి. వ్యవస్థలో దాన్ని చేయగలిగే మనిషి నర్సు.

అందుకే నర్సింగ్ కాలేజీలకూ ఆస్పత్రులకూ మధ్య కుదిరే ఒప్పందాల గురించి మాట్లాడుకోవాలి. ఇప్పుడు ఆ ఒప్పందాలు వేగంగా పెరుగుతున్న కాలం. 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో 1,570 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఏటా దాదాపు 15,700 మంది నర్సింగ్ పట్టభద్రులు అదనంగా వస్తారని చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో ఒకే రోజున 16 నర్సింగ్ కాలేజీలను ప్రారంభించింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కాలేజీలు, సీట్లు, చట్టం అన్నీ వచ్చాయి. ఆ డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర మాత్రం ఏమీ మారలేదు.

ఎందుకంటే కాలేజీకీ ఆస్పత్రికీ మధ్య ఒప్పందం అంటే మన దగ్గర పడకల లెక్క. నర్సింగ్ కాలేజీకి పేరెంట్ హాస్పిటల్ ఉండాలి, అందులో కనీసం 100 పడకలు ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్ల చొప్పున దొరకాలి అన్నవి కౌన్సిల్ నిబంధనలు. ఉద్దేశం మంచిదే. మంచం దగ్గర నేర్చుకోకుండా ఎవరూ నర్సు కాలేరు. కానీ తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది పడకలు ఎన్ని ఉన్నాయి అన్నదే. ఆ పడకల మీది మనుషులు ఇంటికెళ్లాక ఏమవుతున్నారు, ఆ సంగతి విద్యార్థి నేర్చుకుంటున్నాడా అన్నది ఏ ఫారంలోనూ లేదు.

పడకల లెక్క కూడా కాగితం మీదిదైతే ఏమవుతుందో మధ్యప్రదేశ్ చూపించింది. అక్కడ నర్సింగ్ కాలేజీల అక్రమాల మీద హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశిస్తే, మొదటి విడత తనిఖీ చేసిన 308 కాలేజీల్లో సగానికి కాస్త ఎక్కువ, అంటే 169 మాత్రమే సవ్యంగా ఉన్నాయని తేలింది. మిగతావాటిలో కొన్ని లోపాలున్నవి, కొన్ని అసలు పనికిరానివి. తీరా 2024 మేలో ఆ తనిఖీ చేసిన సీబీఐ అధికారులే లంచం కేసులో అరెస్టయ్యారు. ఆ 169 కూడా అనుమానంలో పడ్డాయి. ఈ కాలేజీల్లో చేరిన పిల్లల్లో దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలు, స్కాలర్‌షిప్ ధైర్యంతో చేరినవాళ్లు ఎందరో. పరీక్షలు ఏళ్ల తరబడి ఆగిపోతే నష్టపోయింది వాళ్లే.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి అంత దారుణంగా లేదనుకుందాం. ఇక్కడి బాధ వేరే రూపంలో ఉంది. వాడ నుంచి నర్సింగ్‌కు వచ్చే అమ్మాయికి కన్వీనర్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆధారం. ఆ బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలు బంద్ పెట్టేదాకా వెళ్లింది. ప్రభుత్వం ఇవ్వని డబ్బుకు పిల్ల సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటాయి. ఈలోపు వార్డులో ఆమె పని ఆగదు. 2021లో గెజిట్‌కెక్కిన కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్ ప్రకారం ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్: 22 వారాలు, వారానికి 48 గంటలు. అందులో కమ్యూనిటీ హెల్త్‌కు కేటాయించింది 4 వారాలు. సిబ్బంది కొరత ఉన్న ఆస్పత్రికి ఈ విద్యార్థులు ఖర్చులేని చేతులు. బీపీ చూడటం, సెలైన్ మార్చడం, ల్యాబ్‌కు శాంపిల్ మోసుకెళ్లడం, రిజిస్టర్ నింపడం. నేర్పేవాళ్లు పక్కన ఉంటే ఇది చదువు. లేకపోతే దీన్ని వెట్టి అనాలి. మన తాతలకు ఆ మాట కొత్త కాదు.

చదువు పూర్తయ్యాక కూడా అదే కథ. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రి అయితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చిన్న ఆస్పత్రి అయినా నెలకు 20,000కు తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. అమలు రాష్ట్రాల మీద వదిలేశారు. పదేళ్ల తర్వాత మీ ఊరి నర్సింగ్ హోమ్‌లో పనిచేసే చెల్లెల్ని జీతమెంతో అడిగి చూడండి.

దీన్ని జీతాల సమస్యగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఈ దేశంలో రోగి శరీరాన్ని తాకే పని కులంతో ముడిపడి ఉంది. రక్తం, చీము, మలమూత్రాలు, కాన్పు, ఇవన్నీ మైల అన్నారు. మైల పనిని ఎవరి మీద వేశారో మనకు చెప్పక్కర్లేదు. అందుకే ఆధునిక నర్సింగ్ వచ్చినప్పుడు సవర్ణ ఇళ్ల ఆడపిల్లలు దాని దగ్గరికి రాలేదు. 1883లో గుంటూరుకు వచ్చిన అన్నా కుగ్లర్ లాంటి మిషనరీ డాక్టర్లు కట్టిన ఆస్పత్రుల్లో నర్సు శిక్షణకు ముందుకొచ్చినవారిలో క్రైస్తవం తీసుకున్న కుటుంబాల ఆడపిల్లలు ఎక్కువ. ఆ కుటుంబాల్లో చాలావాటి మూలాలు మాల మాదిగ పల్లెల్లోనే ఉన్నాయి. మన వాడల్లో మొదటి జీతగత్తెలలో టీచరమ్మతో పాటు నర్సమ్మ కూడా ఉండటం వెనుక ఈ చరిత్ర ఉంది. సావిత్రిబాయి ఫూలే 1897 ప్లేగులో ముంధ్వా మహర్‌వాడ నుంచి జబ్బుపడిన పిల్లవాడిని మోసుకుని కొడుకు నడిపే వైద్యశాలకు తెచ్చి, అదే ప్లేగు సోకి చనిపోయింది. వాడకూ వైద్యశాలకూ మధ్య దూరాన్ని తన ఒంటితో కలిపిన మనిషిగా ఆమెను నర్సింగ్ కాలేజీల్లో ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ పాత విభజన ఇవాళ్టి వార్డులో ఇంకా ఉంది. నిర్ణయం డాక్టరుది, తాకే పని నర్సుది, ఊడ్చే పని ఆయాది. ఆయాను "ఏమే" అని, నర్సును "సిస్టర్" అని పిలిచే ఆ వరసలో రోగి గురించి ఎక్కువ తెలిసినవాళ్లకు తక్కువ మాట ఉంటుంది. ఈ తల్లి ఇంట్లో మరుగుదొడ్డి లేదని, ఫ్రిజ్ లేదని, కూతురు కాన్పుకొచ్చి ఇంట్లో ఉందని తెలిసింది నర్సుకే. డిశ్చార్జ్ కాగితం మీద రాసే అధికారం మాత్రం ఆమెకు లేదు. కోఆర్డినేషన్ అంటే ఆ తెలిసిన సంగతికి విలువ ఇవ్వడం. అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రమే పెంచితే నర్సుకు ఇంకో రిజిస్టర్ తప్ప ఏమీ రాదు.

ఇందులో ప్రాణాల లెక్క కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక ప్రకారం మన దేశంలో చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు 39.5 ఏళ్లు, అగ్రకుల స్త్రీలది 54.1. ఇది ఆయుర్దాయం కాదు, చనిపోయినవారి సగటు వయసు. పిల్లలు, యువత ఎక్కువున్న సమూహంలో ఈ అంకె కొంత తక్కువగా కనిపిస్తుంది. ఆ మినహాయింపు ఇచ్చినా 14.6 ఏళ్ల తేడాను తేలిగ్గా కొట్టిపారేయలేం. నీళ్లు, పారిశుధ్యం, తిండి కారణాలు కావచ్చు. ఆస్పత్రి దాకా వచ్చి కూడా మధ్యలో జారిపోవడం కూడా ఆ కారణాల్లో ఒకటి.

వేరేలా చేయొచ్చా అంటే, చేసినవాళ్లు ఉన్నారు. చిత్తూరు జిల్లా పేషెంట్లకు బాగా తెలిసిన వెల్లూరు సీఎంసీలో నర్సింగ్ కాలేజీ, ఆస్పత్రి నర్సింగ్ విభాగం వేర్వేరు దుకాణాలు కావు. పాఠం చెప్పే అధ్యాపకులకే వార్డు బాధ్యత కూడా ఉంటుంది. క్లాసులో చెప్పింది వార్డులో కుదరకపోతే జవాబు చెప్పాల్సింది ఆమే. ఆ కాలేజీ నర్సులే చుట్టుపక్కల ఊళ్లలో కాంచ్ పేరుతో కమ్యూనిటీ హెల్త్ కార్యక్రమం నడుపుతారు. అంటే వార్డు, క్లాసు, ఊరు మూడూ ఒకే చేతిలో. అది మిషన్ ఆస్పత్రి, ఖర్చు అందరికీ అందదు, అన్నిటికీ నమూనా కాదు అన్న మాట నిజమే. అయితే అక్కడ కుదిరిన పద్ధతికి ప్రత్యేకంగా డబ్బు అక్కర్లేదు. ఇద్దరు అధికారుల బదులు ఒక అధికారి ఉండాలి, అంతే. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ నర్సింగ్ స్కూల్ 1990ల్లోనే వృద్ధ పేషెంట్లతో ప్రయోగం చేసింది. ఆస్పత్రిలో చూసిన నర్సే డిశ్చార్జ్ తర్వాత ఇంటికి వెళ్లి చూసింది. మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం తగ్గింది.

మనకు ఊరి వైపు కొస కూడా సిద్ధంగానే ఉంది. 2018లో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు తెలంగాణలో పల్లె దవాఖానలుగా, ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లుగా ఉన్నాయి. ఆంధ్రలో ఎంఎల్‌హెచ్‌పీ అని పిలిచే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివినవాళ్లే. మొదట్లో వాళ్లకు 6 నెలల బ్రిడ్జ్ కోర్సు ఉండేది, ఇప్పుడు ఆ పాఠాలు బీఎస్సీ సిలబస్‌లోనే కలిశాయి. అంటే ఊళ్లో ఉన్న నర్సూ, జిల్లా ఆస్పత్రి వార్డులోని నర్సూ ఒకే పుస్తకాలు చదివినవాళ్లు. వాళ్లిద్దరి మధ్య ఒక ఫోన్ కాల్‌ను ఎవరి డ్యూటీగానూ రాయలేదు. జాతీయ మార్గదర్శకాల్లో ఊరి నర్సుది కాంట్రాక్టు ఉద్యోగం, 25,000 జీతం, పని బట్టి 15,000 దాకా ఇన్సెంటివ్. ఇన్సెంటివ్ యాప్‌లో ఎక్కించిన అంకెలను బట్టి వస్తుంది. డిశ్చార్జ్ అయి వచ్చిన ఎల్లమ్మ పుండు మానిందా లేదా అన్నది ఆ జీతాన్ని నిర్ణయించే లెక్కలో ఉండాలి కదా.

కాబట్టి కొత్త కాలేజీ ఎంఓయూలో పడకల సంఖ్య పక్కన ఇంకొన్ని వాక్యాలు రాయించాలి. ప్రతి వార్డుకూ కాలేజీ అధ్యాపకురాలు బాధ్యత తీసుకోవాలి. డిశ్చార్జ్ కాగితం తెలుగులో ఉండాలి, దాని మీద నర్సు సంతకం ఉండాలి, ఒక కాపీ ఆ ఊరి పల్లె దవాఖానకు పోవాలి. ఫైనలియర్ విద్యార్థికి ఇచ్చిన ఆ 22 వారాల్లో, తను వార్డులో చూసిన కొందరు పేషెంట్లను వాళ్ల ఇంటిదాకా అనుసరించే పని ఉండాలి, దానికి ప్రయాణ ఖర్చు, స్టైపెండ్ ఆస్పత్రి ఇవ్వాలి. ఇంటికి వెళ్లినవాళ్లు వాడకు కూడా వెళ్లారా అన్నది తెలియాలంటే, మళ్లీ ఆస్పత్రిలో చేరినవారి వివరాలను కులం వారీగా లెక్క తీయాలి. పేర్లు బయటపెట్టనక్కర్లేదు, అంకెలు చాలు. ఈ చివరి మాటకు అధికారులు ఇబ్బందిపడతారు. పడనివ్వండి.

నర్సింగ్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని వెంటనే చేయొచ్చు. మీది ప్రభుత్వ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ ఆఫీసుకు, ప్రైవేటుదైతే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి లేదా విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఖర్చు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మీ పేరుతో పెట్టడానికి భయమైతే మీ ఊరి సంఘం కార్యకర్తతో పెట్టించండి. అడగాల్సినవి నాలుగే: మా కాలేజీకీ పేరెంట్ హాస్పిటల్‌కూ మధ్య ఉన్న ఒప్పందం కాపీ, చివరి తనిఖీ నివేదిక, గత విద్యా సంవత్సరంలో ఇంటర్న్‌లకు చెల్లించిన స్టైపెండ్, డిశ్చార్జ్ తర్వాత ఫాలోఅప్ చేసిన పేషెంట్ల సంఖ్య. నాలుగో ప్రశ్నకు "సమాచారం అందుబాటులో లేదు" అని జవాబొస్తే ఆ కాగితాన్ని దాచిపెట్టండి, జిల్లా కలెక్టర్ ప్రజావాణిలో కూర్చున్న రోజున దాన్ని తీసుకుని వెళ్దాం.