అంతా గ్రీన్ అన్నారు, బండి ఊగుతూనే ఉంది

తెలంగాణ ఉపాధి, శిక్షణ శాఖ డైరెక్టర్ గారికి,

జనగామ నుంచి రాస్తున్నాను. 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. రోబోలు, ఎలక్ట్రిక్ బండ్ల పని నేర్పుతామన్నారు, మంచిదే. నేను అడిగేది చాలా చిన్న సంగతి, చక్రాల అలైన్‌మెంట్.

మా ఊరి మీదుగా పోయే 163వ జాతీయ రహదారి మీద నా పాత చిన్న కారు రెండు వేళ్లతో పట్టుకున్నా తిన్నగా పోతుంది. అదే కారు పరకాల దాటి భూపాలపల్లి దారి పట్టిందంటే, సింగరేణి బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు తొక్కి తారు కుంగిన చోటల్లా పక్కకు గుంజుతుంది. తొర్రూరు నుంచి మహబూబాబాద్ పోయేటప్పుడూ అదే వరస. ఎదురుగా బస్సొస్తే స్టీరింగ్‌ను రెండు చేతులా బిగబట్టాల్సిందే.

అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. రెండుసార్లూ కుర్రవాడు కంప్యూటర్ తెర చూపించి "అంతా గ్రీన్ సార్" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది ర్యాంపు మీద నిలబెట్టిన బండి లెక్క.

చివరికి భూపాలపల్లిలో లారీల పని చేసే ఒక పెద్దాయన కారు కిందికి దూరి, ఇనుప రాడ్డుతో లోయర్ ఆర్మ్‌ను ఎత్తి చూశాడు. దాని రబ్బరు బుష్ చినిగిపోయి ఉంది. "నిలబడ్డప్పుడు మంచిగనే ఉంటది సారూ, బ్రేకేస్తే చక్రం ఎనకకు జరుగుతది" అన్నాడు. చక్రం వెనక్కి జరిగితే క్యాస్టర్ తగ్గుతుంది. సైకిల్ చేతులు వదిలినా కాసేపు తిన్నగా పోవడానికి ముందు ఫోర్క్ ఏటవాలుగా ఉండటం ఒక కారణం. కారుకు ఆ వాలే క్యాస్టర్. అది తగ్గిందా, స్టీరింగ్ తనంతట తాను సరిగా మధ్యకు రాదు, ప్రతి గుంతా దాన్ని ఆడిస్తుంది. చాలా చిన్న కార్లలో క్యాస్టర్‌ను తిప్పి సరిచేసే బోల్టు ఉండదు. టై రాడ్ దగ్గర టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే సరిచేయగలం. అందుకే అరిగిన బుష్, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ మార్చకుండా టో తిప్పడమంటే పునాది కదిలిన గోడకు సున్నం కొట్టడమే.

ఆయన బుష్ మార్చి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసి, చక్రాల పక్కన దారం కట్టి టో పట్టాడు. దారం చూసి నేను లోపల నవ్వుకున్నాను. తర్వాత మిషన్ మీద పెడితే సరిచేయాల్సింది కొన్ని నిమిషాలే (డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు). చక్రాల ముందంచులు బయటికి తెరుచుకుని ఉంటే బండి ఎటు పడితే అటు దూకుతుందని అప్పుడే తెలిసింది. ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే మాత్రం టో తిప్పి లాభం లేదట, స్టీరింగ్ వంకరగా నిలబడుతుందే తప్ప లాగడం ఆగదు. ముందు టైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడాలి. లాగే పక్క కూడా మారితే తప్పు టైరుది.

ఈ క్రమం ఆ పెద్దాయన చేతిలో ఉంది, కుర్రవాడి చేతిలో లేదు. కుర్రవాడికి నేర్పిన వాళ్లు మిషన్ నేర్పారు, బండిని నేర్పలేదు. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లది. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల పిల్లలు చదివే ఐటీఐల్లో ఆ రెండేళ్లలో ఒక్క వారం దీనికి ఇవ్వండి. ముందు రాడ్డు పెట్టి వదులు చూడనివ్వండి, తర్వాతే కంప్యూటర్ ముట్టుకోనివ్వండి. సరిచేసిన బండిని నున్నటి 163 మీద కాకుండా బొగ్గు లారీలు తిరిగే దారిలో నడిపి చూసి రమ్మనండి. ఆ పెద్దాయన లాంటి వాళ్లను పిలిచి, గౌరవంగా భత్యమిచ్చి, పాఠం చెప్పించండి.

పాఠానికి బండి కావాలంటే నాది ఇస్తాను. ఎడమ ముందు టైరు లోపలి అంచు మొన్నటి నుంచి అరుగుతోంది.

ఇట్లు,
జనగామ నుంచి ఒక కారు యజమాని